ఇది నేనిచ్చిన షాఫ్ట్ కాదు

6, సోమవారం

నా కొలత తప్పని గ్యారేజీలో ఆరుగురి ముందు అన్నాడు మేస్త్రీ. నన్ను అడగలేదు. బండి కింద దూరి చూడలేదు. చేతిలో టీ గ్లాసు కూడా కింద పెట్టలేదు.

"ఏమండీ ఇంజినీరు గారూ, మీ పుస్తకం ఎన్ని మిల్లీమీటర్లు అబద్ధం ఆడిందండీ?"

అందరూ నవ్వారు. పెయింటరయితే మాస్కు దించుకుని మరీ నవ్వాడు.

ఎవరితోనైనా చెప్పుకుందామంటే ఈ గదిలో కుర్చీ ఒకటి, నేనొకణ్ణి. అందుకే రాస్తున్నాను.

నేను ఏం తక్కువ చేశాను? కళ్ళ డాక్టరమ్మ ఎర్ర స్పోర్ట్స్ కారు అది. రెండు సీట్లు, నేలను రాసుకుంటూ పోయే బండి. "దీన్ని ఇంకాస్త చురుగ్గా చెయ్యగలవా?" అని ఆవిడ అడిగింది నన్ను. మేస్త్రీని కాదు. ఆయనకు మంట అక్కడే మొదలైంది. డ్రైవ్‌షాఫ్ట్ మారుద్దామన్నాను. ఆ మాట అనడం కూడా నా పొగరేనట, ప్రొపెల్లర్ అనాలట. ఏ పేరుతో పిలిచినా గేర్ బాక్స్ నుంచి వెనక చక్రాలకు తిరుగుడు మోసేది అదే కదా! కంపెనీ వేసింది స్టీలుది, రెండు ముక్కలు, మధ్యలో బేరింగు. పంతొమ్మిది కిలోలు తూగింది. నేను చేయించింది ఒకే ముక్క, అల్యూమినియం గొట్టం. ఎనిమిది కిలోలు. పదకొండు కిలోలు తగ్గింది. అది బండి మోసే బరువు కాదు, ఇంజను నిమిషానికి వేలసార్లు తిప్పే బరువు. ఇది మేస్త్రీకి చెబితే, "పదకొండు కిలోలు తగ్గాలంటే డాక్టరమ్మనే పొద్దున్నే నడవమనరా, మనకెందుకీ గోల" అన్నాడు.

కొలత ఎలా తీశానో ఆయనకు తెలుసా? బండిని లిఫ్టు మీద పెట్టి తియ్యలేదు. గాల్లో వెనక చక్రాలు వేలాడతాయి, కొలత మారిపోతుంది. నాలుగు చక్రాలూ నేల మీద పెట్టి, గోనెసంచి పరుచుకుని, వెల్లకిలా పాక్కుంటూ వెళ్ళి తీశాను. మూడుసార్లు. మూడూ ఒకటే. గొట్టం వెల్డింగు దగ్గర నిలబడి చేయించాను. తిరిగేటప్పుడు వణక్కుండా బ్యాలెన్స్ చెయ్యడానికి లేతు షాపులో అందరూ బాబాయ్ అని పిలిచే పెద్దాయనకి ఇచ్చాను. శుక్రవారం తేవడానికి వెళ్ళేసరికి రెండు లేతులూ తిరుగుతున్నాయి. బాబాయ్ గొట్టం మీద ఒక చోట బొటనవేలితో తట్టి ఏదో అన్నాడు. ఆయనకు చెవుడు, నాకు ఆ చప్పుడులో ఏమీ అందలేదు. తల ఊపేసి భుజాన వేసుకుని వచ్చేశాను. మధ్యాహ్నం అందరూ తినడానికి పోతే నేను తిండి మానుకుని ఒక్కణ్ణే కూర్చుని దాన్ని శుభ్రం చేశాను. వెల్డింగులో చింది అంటుకున్న బొట్లు, గరుకులు, మరకలు, ఆకురాయితో కొన్ని, ఎమరీ పేపరుతో కొన్ని, అన్నీ తీసేసి అద్దంలా చేశాను. బండి కింద ఉండే వస్తువు, ఎవడూ వంగి చూడనిది. అంత ప్రేమగా ఎవడైనా చేస్తాడా?

శనివారం బిగించాను. నిన్న డాక్టరమ్మ తోలింది. ఇవాళ తెచ్చి తాళాలు టేబుల్ మీద పెట్టింది.

"తొంభై దాటితే అద్దంలో వెనక బండి రెండుగా కనిపిస్తోందయ్యా. రోజూ జనానికి చెప్పే జబ్బు నాకే వచ్చిందేమోనని భయమేసింది."

మర్యాదగానే చెప్పింది. మర్యాద తప్పింది మేస్త్రీ.

కొలత సరైనదే. రేపు రుజువు చేస్తాను.

7, మంగళవారం

రుజువు చేశాను.

గేర్ బాక్సులోకి దూరే కొస మీద సుద్దముక్కతో గీత గీసి, బండిని నేల మీదే ఉంచి, మేస్త్రీని కిందికి పిలిచాను. ఇరవై రెండు మిల్లీమీటర్ల ఖాళీ. ఎంత ఉండాలో అంతే. ఆయన పొట్ట బండికి తగిలింది. బయటికి వచ్చి చొక్కా దులుపుకున్నాడు.

"సరే, కొలత సరే. మరి వణుకు ఎవరి తాలూకు?"

"బ్యాలెన్స్ చేసినవాడి తాలూకు" అన్నాను.

వెంటనే అన్నాను. ఆలోచించాల్సింది ఏముంది? కొలత కాదు, కోణం కాదు, జాయింట్లు కొత్తవి. ఇక మిగిలింది అదే. నేను బాబాయ్ పేరు ఎత్తలేదు. బ్యాలెన్స్ చేసినవాడు అన్నాను, అంతే.

మేస్త్రీ సారీ చెప్పలేదు. లేతు షాపు ఓనరుకి ఫోన్ చేశాడు. షాఫ్ట్ విప్పి, డాక్టరమ్మకు పాత స్టీలుది బిగించి పంపించాం.

8, బుధవారం

ఇవాళ లేతు షాపు మెట్ల మీదకి వెళ్ళలేదు. పనుంది.

రెండేళ్ళుగా రోజూ ఒంటిగంటకి అక్కడే తింటాను. వెనక వైపు మూడు మెట్లు, ఇనప రజను పోసే డ్రమ్ము, గోడ నీడ. పై మెట్టు బాబాయ్‌ది, కింద మెట్టు నాది. ఆయనకు సగం వినపడదు, నాకు సగం మాట్లాడటం రాదు. సరిపోయింది. మొదటి రోజు అడిగాడు, "పని ఎవరి దగ్గర నేర్చుకున్నావురా?" అని. ఎవరి దగ్గరా కాదు, పుస్తకాలు చూసి అన్నాను. అందరిలాగా నవ్వలేదు. "అయితే నిన్ను తిట్టడానికి ఎవరూ లేరన్నమాట. కష్టమే" అన్నాడు.

తిరుగుతున్న షాఫ్ట్‌కి గోరు ఆనించి చూసేవాడు. "మెషీను అంకె చెబుతుంది, గోరు సంగతి చెబుతుంది" అనేవాడు. నేను ఆనిస్తే గోరు అరిగింది తప్ప సంగతేమీ తెలియలేదు. పడీపడీ నవ్వాడు.

అయినా మనిషి మంచివాడయితే బ్యాలెన్స్ సరిగ్గా ఉండాలని ఎక్కడుంది? అది వేరు, ఇది వేరు. వయసు వచ్చింది. చెయ్యి తప్పి ఉంటుంది.

టూల్ బాక్స్ మీద డబ్బా పెట్టుకుని గోడ వైపు తిరిగి తిన్నాను.

9, గురువారం

షాఫ్ట్ తీసుకుని మేస్త్రీ, నేను లేతు షాపుకి వెళ్ళాం. ఓనరు లేతులు ఆపించాడు. పనివాళ్ళంతా చేతులు తుడుచుకుంటూ చుట్టూ చేరారు. బాబాయే షాఫ్ట్‌ని మెషీను మీద ఎక్కించాడు, తిప్పాడు. అంకె చూసి కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. ఆపాడు. బొటనవేలితో గొట్టం పొడుగునా తడుముకుంటూ వచ్చి ఒక చోట ఆగాడు.

"పాసంగం ఏది?"

"ఏంటంట?" అన్నాడు ఓనరు. ఆయనకు బిల్లు పుస్తకం తప్ప పని తెలీదు.

"పాసంగం. తిరుగుడు సమంగా ఉండాలని ఇక్కడే వేశాను. గోరంత బిళ్ళ, వెల్డు చేసి మరీ పెట్టాను."

మేస్త్రీ గొంతు పెంచాడు. "పెడితే ఏదీ బాబాయ్? రెక్కలొచ్చి ఎగిరిపోయిందా?"

"అదే నేనూ అడుగుతున్నా."

"వెల్డు చేసింది ఊడితే మచ్చ ఉంటుందా ఉండదా? ఇటు చూడు, అద్దంలా ఉంది. నీ మొహం కనిపిస్తోంది చూసుకో!"

బాబాయ్ నిజంగానే వంగి చూసుకున్నాడు. చాలాసేపు చూశాడు. లేచి, నెమ్మదిగా అన్నాడు.

"ఇది నేనిచ్చిన షాఫ్ట్ కాదు. నేనిచ్చింది ఇంత నున్నగా లేదు."

అందరూ ఘొల్లుమన్నారు. "ముసలాయనకి చెవుల తర్వాత కళ్ళు కూడా అయిపోయాయి" అని ఎవరో. "డాక్టరమ్మకే చూపిద్దాం" అని మేస్త్రీ. నేనూ నవ్వాను. కొంచెమే. అందరూ నవ్వుతుంటే మూతి అదే సాగుతుంది.

బాబాయ్ నా వైపు చూశాడు.

ఓనరు అన్నాడు, "పెద్దాయనా, ముప్పై ఒక్క ఏళ్ళు చేశావు, చాలు. రేపట్నుంచి ఇంట్లో కూర్చో." ఇంకొకసారి అరిచి చెప్పాడు, వినపడలేదేమోనని.

బాబాయ్ కళ్ళజోడు జేబులో పెట్టుకుని, డబ్బా తీసుకుని, మెట్ల వైపు నుంచి వెళ్ళిపోయాడు.

10, శుక్రవారం

చెప్పడానికేం లేదు.

11, శనివారం

టూల్ బాక్స్ సర్దాను. ఆకురాయి కనపడలేదు. వెతకలేదు కూడా.

మేస్త్రీ భుజం మీద చెయ్యి వేసి, "నీ కొలత సరైనదేరా" అన్నాడు. ఆ మాట కోసం రెండేళ్ళు చూశాను. "చెయ్యి తీయండి" అన్నాను.

12, ఆదివారం

అక్క ఫోన్ చేసింది. మామూలుగా అయితే ఎత్తను. ఇవాళ రెండో రింగుకే ఎత్తాను.

"బతికే ఉన్నావా?" అంది.

"ఉన్నా."

"గొంతేంటి అలా ఉంది? జ్వరమా?"

"కాదు. పనిలో ఒకటి పాడయింది."

"మళ్ళీ ఏం తుడిచావురా?"

నవ్వుతూనే అంది. తుడవడమేంటి అన్నాను.

"గుర్తులేదూ? నీకు ఆరేళ్ళు. నాన్న కొట్లో త్రాసు తళతళలాడాలని ఇసకపొడి వేసి తోమావు. తూకపు రాళ్ళు పెట్టే పళ్ళెం కింద సీసం ముక్క అతికించి ఉంటే, మురికి అనుకుని గీకి పారేశావు. అది పాసంగం రా! రెండు పళ్ళేలూ సమంగా ఉండటానికి పెట్టింది. వారం రోజులు నాన్న అందరికీ తక్కువ తూచాడు. బజారులో నిలబెట్టి దొంగ అన్నారు ఆయన్ని. ఎలా తెలుస్తుంది ఆయనకి? త్రాసు చూస్తే కొత్తదానిలా మెరుస్తోంది!"

ఫోన్ రెండో చెవికి మార్చుకున్నాను.

"నువ్వు గీకడం నేను చూశాను. నువ్వు చెబుతావేమోనని చూస్తూ ఉన్నా. చెప్పలేదు. చివరికి నేనే చెప్పాను నాన్నకి. ఏమన్నాడో తెలుసా? 'వాడు చెప్పేదాకా నాకు తెలియనట్టే ఉంటాలే' అన్నాడు. చెప్పావా ఎప్పుడైనా?"

సిగ్నల్ సరిగ్గా లేదని పెట్టేశాను. సిగ్నల్ బాగానే ఉంది.

నాన్న పోయి నాలుగేళ్ళు. తెలియనట్టే పోయాడు.

13, సోమవారం

రాస్తాను. ఇక్కడైనా రాస్తాను.

ఆ బిళ్ళ నేనే గీకేశాను. శుక్రవారం మధ్యాహ్నం, ఆకురాయితో. గోరంత, గరుకుగా, పక్కకి కారిన వెల్డుతో. స్టీలు షాఫ్ట్ మీద అయితే గుర్తుపట్టేవాణ్ణి, వాటి మీద బిళ్ళలు చాలా చూశాను. అల్యూమినియం మీద ఎప్పుడూ చూడలేదు. వెల్డింగువాడు చిందించిన బొట్టు అనుకున్నాను. నున్నటి గొట్టానికి పులిపిరిలా అనిపించింది. తీసేశాక అక్కడ మిగతా చోట్ల కంటే ఎక్కువసేపు రుద్దాను, మచ్చ మిగలకూడదని. మిగల్లేదు. నా పనితనం అంత గొప్పది.

ఎప్పుడు తెలిసింది? అక్క చెప్పినప్పుడు అని రాయబోయాను. అబద్ధం. గురువారమే తెలుసు. బాబాయ్ వేలు ఆగిందే, అప్పుడే. వేలు ఎక్కడ ఆగిందో నా చేతికి తెలుసు. తెలిసే నవ్వాను.

డాక్టరమ్మ నూనె మార్పించుకోవడానికి వచ్చింది. "స్టీలుదే నయమయ్యా, కనీసం ఒకటే బండి కనిపిస్తోంది" అంది. తర్వాత, "ఎవరో పెద్దాయన్ని తీసేశారటగా. నా కారు గురించేనా?" అని అడిగింది. అవునన్నాను. "తప్పు ఆయనదేనా?" అంది. కళ్ళలోకి చూస్తూ అడగడం ఆవిడకు అలవాటు, రోజూ చేసే పనే కదా. నేను బోల్టు బిగిస్తూ ఉండిపోయాను. ఆ బోల్టు అప్పటికే బిగిసి ఉంది.

ఒంటిగంటకి మెట్ల మీదకి వెళ్ళాను. పై మెట్టు ఖాళీ. కింద మెట్టు మీద కూర్చున్నాను. పై మెట్టు మీద ఎలా కూర్చుంటాను? మెషీను ముందు ఎవరో కొత్త మనిషి. గోరు ఆనించడు. అంకె చూస్తాడు, రాసుకుంటాడు, ఈల వేస్తాడు.

14, మంగళవారం

పొద్దున్నే బాబాయ్ ఇంటికి వెళ్ళాను. రెండేళ్ళలో మొదటిసారి. అడ్రసు కూడా లేతు షాపు వాచ్‌మన్‌ని అడిగాను.

తలుపు తీసింది వాళ్ళావిడ. నన్ను పైనుంచి కిందికి చూసి, "ఇంజినీరంటే నువ్వేనా? ఇంత సన్నగా ఉన్నావేంటి! రోజూ నీ కబుర్లే చెప్పేవారు" అంది. చెప్పేవారు అంది. పిన్నీ, బాబాయ్‌తో మాట్లాడాలి అన్నాను. వరండాలో ఉన్నాడు చూడు అంది.

గొడుగు విప్పదీసి ఊచలు సరిచేస్తున్నాడు. తల ఎత్తలేదు. పక్కన నేల మీద కూర్చున్నాను. మెట్లు లేవు కాబట్టి ఇద్దరం ఒకే ఎత్తులో ఉన్నాం.

"బాబాయ్, అది నేను గీకేశాను."

"ఆఁ?"

"పాసంగం. నేనే గీకేశాను."

"వినపడలా."

"మురికి అనుకున్నాను! ఆకురాయితో తీసేశాను! నేనే!"

ఎదురింటి కిటికీ తెరుచుకుంది. వంటింట్లోంచి పిన్ని తొంగిచూసింది.

"ఇప్పుడు వినపడింది" అన్నాడు బాబాయ్. "మొదటిసారే వినపడింది అనుకో."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. గురువారం నా వైపు చూసినప్పుడే నీకు తెలిసిందిగా, అక్కడే ఎందుకు చెప్పలేదు అని అడిగాను. కోపంగానే అడిగాను, సిగ్గు లేకుండా.

"చెప్పాను కదరా. నేనిచ్చిన షాఫ్ట్ కాదన్నాను. నువ్వూ నవ్వావు."

ఆయన ఒక ఊచ వంచి, గోరుతో మీటి, మళ్ళీ వంచాడు.

"ఎంత బరువుంది అది?" అన్నాను.

"పదకొండు గ్రాములు. పదకొండు కిలోలు తగ్గించానని తెగ పొంగిపోయావు చూడు, నువ్వు తగ్గించింది పదకొండు కిలోల పదకొండు గ్రాములు."

క్షమించు బాబాయ్ అన్నాను. ఈసారి ఆఁ అనలేదు.

"నాకు చెప్పడానికి ఇంత దూరం వచ్చావు. నాకు ముందే తెలుసు. తెలిసినవాడికి చెప్పడం ఏం చెప్పడంరా? తెలియనివాళ్ళు అక్కడున్నారు. ఆ మెషీను ముందు నా పని నాకు కావాలి. ఇంట్లో కూర్చోబెడితే ఈవిడ నాతో గొడుగులు బాగుచేయిస్తోంది."

"ఎవరిదనుకున్నారు ఆ గొడుగు? మీదే!" అంది పిన్ని లోపలి నుంచి. అది మాత్రం ఆయనకు వినపడలేదు.

వెళ్ళేటప్పుడు గుమ్మం దాకా వచ్చాడు. "ఒంటిగంటకి లేతులు ఆగుతాయి. అప్పుడు చెప్పు. తిరుగుతున్నప్పుడు చెబితే చెప్పినట్టూ ఉంటుంది, వినపడనట్టూ ఉంటుంది. నీకు ఆ తెలివి ఉంది, అందుకే చెబుతున్నా."

14, అదే రోజు, సాయంత్రం

రెండు కాగితాల మీద రాశాను, ఒకటి మేస్త్రీకి, ఒకటి లేతు షాపు ఓనరుకి. రేపు పొద్దున్నే చెరొకటి చేతికే ఇస్తాను, టేబుల్ మీద పెట్టి పారిపోను. ఇది మూడోది. రేపు నా కాళ్ళు వెనక్కి తగ్గితే నాకే చూపించుకోవడానికి.

"డాక్టరమ్మ బండి వణికింది నా వల్ల. బాబాయ్ బ్యాలెన్స్ కోసం వేసిన బిళ్ళను వెల్డింగులో చిందిన బొట్టు అనుకుని నేనే ఆకురాయితో తీసేశాను. మచ్చ మిగలకుండా రుద్దాను. అందుకే ఆయన మాట మీకు అబద్ధంలా వినిపించింది. ఆయన చెప్పింది అక్షరాలా నిజం, అది ఆయనిచ్చిన షాఫ్ట్ కాదు. గురువారం మీరందరూ తెలియక నవ్వారు. నేను తెలిసి నవ్వాను. కొలత మాత్రం సరైనదే, అది వెనక్కి తీసుకోను.

బాబాయ్‌ని మళ్ళీ ఆ మెషీను ముందు కూర్చోబెట్టండి. ఆ షాఫ్ట్ మీద పాసంగం ఆయనే వెయ్యాలి. వేస్తున్నప్పుడు ఆ రోజు నవ్విన ప్రతి ఒక్కరూ అక్కడ నిలబడాలి. నేనూ నిలబడతాను, ఇందులో రాసిందంతా నోటితో చెబుతాను. తర్వాత నన్ను ఉంచుకుంటారో గెంటేస్తారో మీ ఇష్టం, టూల్ బాక్స్ సర్దే ఉంది.

ఆయన్ని పిలుస్తారా, పిలవరా? 16వ తేదీ గురువారం మధ్యాహ్నం ఒంటిగంటకి, రెండు లేతులూ ఆగగానే, నాకు జవాబు కావాలి. ఆయన్ని నేను వెంటబెట్టుకుని వస్తాను. వెనక మెట్ల మీద ఉంటాం. గట్టిగా చెప్పండి. ఆయనకు వినపడాలి."